ఒరిజినల్ గడప దాటిన రోజు

ఆ రోజుల్లో, అంటే ఓ పదేళ్ళ కిందటి మాట, పరీక్షంటే చదవడం సగం, బయల్దేరడం సగం అని నా నమ్మకం. నాది కాదు లెండి, మా నాన్నది. ఒంగోలులో లెక్చరర్‌గా ఉంటూ ఏటా ఎంట్రన్సు పరీక్షల గేటు దగ్గర నిలబడి, పిల్లల వాచీలు తీయించి, పొడుగు చేతుల చొక్కాలు కత్తిరించి (కత్తెర ఆయన జేబులోనే ఉండేది), కమ్మలూ జడపిన్నులూ తల్లుల చేతుల్లో పెట్టించిన మనిషాయన. నేనప్పుడు మాంచెస్టర్‌లో ఓ ఆసుపత్రిలో జూనియర్ డాక్టర్ని. చిన్నపిల్లల వైద్యంలో శిక్షణ సీటు కోసం పరీక్ష రాస్తున్నానని తెలియగానే, సిలబస్ ఊసెత్తకుండా ఫోన్లో జాబితా మొదలుపెట్టారు. "లేతరంగు బట్టలు వేసుకో. పొట్టి చేతులుండాలి. బూట్లొద్దు, చెప్పులు. వాచీ పెట్టుకోకు. రెండు బాల్ పెన్నులు, లోపలివి కనిపించే పౌచ్‌లో. పాస్‌పోర్టు జిరాక్సు పట్టుకెళ్ళు తల్లీ, ఒరిజినల్ మాత్రం గడప దాటించకు. పోయిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా మళ్ళీ రాదు."

ఆ సీటు నాకెంత అవసరమో చెప్పకపోతే ఈ కథంతా వేళాకోళంలా ఉంటుంది. ఆగస్టుతో నా ఉద్యోగ ఒప్పందం అయిపోతుంది, దాని వెనకే వీసా. పరీక్ష ఏడాదికొక్కసారి. తప్పిందంటే పెట్టె సర్దుకోవడమే. అందుకని నాన్న మాట అక్షరం పొల్లుపోనివ్వలేదు. జనవరి పొద్దున, బయట వానా మంచూ కానిదేదో తడిగా పడుతుంటే, పొట్టి చేతుల గోధుమరంగు చుడీదార్, పైన కోటు, కాళ్ళకు హవాయి చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే నైట్ డ్యూటీ ముగించుకుని మా రోటా అక్క లోపలికొచ్చింది. కరీంనగర్ వైపు మనిషి, నర్సు, నాతోపాటు అదే ఇంట్లో అద్దెకుండేది. ఎప్పుడు ఏ షిఫ్టో చెప్పే రోటా కాగితాన్ని ఫ్రిజ్ మీద దేవుడి పటంలా అంటించి పెట్టుకునేది కాబట్టి ఆ పేరు. నన్ను ఎగాదిగా చూసింది. "ఏందే పొల్లా, పరీక్షకు పోతున్నవా, పుష్కరాలకు పోతున్నవా?" అంది. నాన్న చెప్పారన్నాను. "మీ నాయినకు ఈడ చలి ఏమెరుక!" అనుకుంటూ పోయి పడుకుంది.

పరీక్ష కేంద్రం ట్రామ్‌లో ఇరవై నిమిషాలు. దిగేసరికి నా కాలివేళ్ళు ఉన్నాయో లేవో వంగి చూసుకోవాల్సి వచ్చింది. రిసెప్షన్‌లో ఒక పెద్దావిడ పాస్‌పోర్టు అడిగింది. ఒంగోలులో గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, గుండ్రటి ముద్ర కొట్టిచ్చిన జిరాక్సు గర్వంగా చేతికిచ్చాను. ఆవిడ ముద్రను వేలితో తడిమి, కాగితం తిరగేసి చూసి, "ఇది ఫోటోకాపీ కదా, లవ్" అంది (మాంచెస్టర్‌లో అందరూ అందరినీ అలాగే పిలుస్తారు, మురిసిపోవద్దు). "ఒరిజినల్ లేకపోతే లోపలికి పంపలేను. ఇంకా యాభై నిమిషాలు టైముంది."

ఏడుపు గొంతుతో అక్కకి ఫోన్ చేశాను. ఏడోసారికి ఎత్తింది.

"పాస్‌పోర్ట్ ఏడున్నది?"

"పెద్ద సూట్‌కేసులో అక్కా. తాళం వేసుంది. తాళంచెవి నా దగ్గరే, పౌచ్‌లో ఉంది. పగలగొట్టెయ్."

"దేంతోని పగలగొట్టాలె, నా తలకాయతోనా? నువ్వు ఆడనే కూసో. యాడికీ పోకు."

ఆ నలభై నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు. నాన్న మీద కోపం వచ్చింది, వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. తలుపు తెరుచుకుంది. నైటీ మీద కోటు, చెదిరిన జుట్టు, వెనక ఆ ఇరవైమూడు కిలోల సూట్‌కేసు! మొత్తం పెట్టెనే ట్రామెక్కించి ఈడ్చుకొచ్చింది మహాతల్లి. "తెచ్చిన. తియ్యి జల్ది," అంది రొప్పుతూ. అక్కడే నేల మీద తెరిచాను. ముందు గోంగూర పచ్చడి సీసా, తర్వాత ఇంగువ డబ్బా, కుక్కర్ గాస్కెట్టు, ఆ కింద పట్టుచీర, దాని మడతల్లో పాస్‌పోర్టు. పెద్దావిడ ఇంగువ వాసనకు ముక్కు మూసుకుని, పాస్‌పోర్టు చూసి తలూపింది. తర్వాత కోటు విప్పమంది, చేతులు చూపించమంది, వాచీ ఉంటే తీయమంది. పొట్టి చేతులు, వాచీ లేదు, కమ్మల్లేవు. "ఇంత సిద్ధపడి వచ్చినవాళ్ళను నేను చూడలేదు" అంది. (పెన్నులు మాత్రం పక్కన పెట్టించింది. పరీక్ష కంప్యూటర్ మీదట.) నేను లోపలికెళ్ళబోతుంటే అక్క ఆపి, తన సాక్సులు విప్పి నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉన్నాయి. అవి తొడుక్కుంటే వాటి మీద హవాయి చెప్పులు ఎక్కక, సాక్సులతోనే వెళ్ళి పరీక్ష రాశాను.

బయటికొచ్చేసరికి అక్క సూట్‌కేసు మీదే కూర్చుని, గోడకు తలానించి నిద్రపోతోంది. ఆ సాయంత్రం తనకు మళ్ళీ నైట్ డ్యూటీ అని ఇంటికొచ్చి ఫ్రిజ్ మీద కాగితం చూశాకే తెలిసింది. నాన్న ఫోన్ చేసి, "చెప్పినట్టే వెళ్ళావు కదా?" అని అడిగితే "అంతా మీరు చెప్పినట్టే నాన్నా" అన్నాను. ఆయన సంతోషం పాడుచేయడానికి నాకు నోరు రాలేదు.

సీటొచ్చింది. ఇప్పుడు నేను పిల్లల డాక్టర్ని. మొన్న మా వార్డులో కొత్తగా చేరిన నెల్లూరమ్మాయి, "అక్కా, పరీక్షకి ఏం తీసుకెళ్ళాలి?" అని అడిగింది. "పాస్‌పోర్టు. ఒరిజినల్," అన్నాను. అక్కడితో ఆపాలా? "పొట్టి చేతులు వేసుకో, వాచీ వద్దు" అని నోరు దానంతటదే చెప్పుకుపోతుంటే, హవాయి చెప్పుల్లో వణికిన ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వొచ్చింది. "ఆ రోజు ఇంట్లో ఎవరైనా ఉంటారా?" అని అడిగాను. ఎవరూ ఉండరంది. ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గర పెట్టి వెళ్ళమని చెప్పి, రోటాలో ఆ రోజుకి సెలవు పెట్టుకున్నాను.