మొక్కజొన్న మొవ్వులో వేప నీళ్లు

నా భర్త వరికి పురుగుమందు కొడుతూ చనిపోయాడు. మైపాడు దగ్గరి మా పొలానికి మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి తగులుతుంది. మూతికి గుడ్డయినా కట్టుకోకుండా ఆ గాలికి ఎదురుగానే కొట్టాడట. గట్టు మీద పడిపోయాడని కబురొచ్చినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. నెల్లూరు ఆసుపత్రికి బండిలో తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. అరవైల మొదట్లో ఆ మందు మా ఊళ్లకు కొత్త.

నాకు ఏడుపు రాలేదు. చూడవచ్చినవాళ్లు దాని గురించి చెవులు కొరుక్కున్నారని తర్వాత తెలిసింది.

ఆ వేసవిలో మరిది బావి కింద ఇసుక చేలో మొక్కజొన్న వేశాడు. మొక్కలు మోకాలెత్తు పెరిగేసరికి ఆకుల నిండా చిల్లులు. నడిమి లేతాకుల మొవ్వు విప్పి చూస్తే లోపల పురుగు. ఊళ్లో అందరూ కొడుతున్నారని, తనూ మందు తెస్తానని మరిది గడప దగ్గర నిలబడి చెప్పాడు. అత్త నా వైపు చూసింది.

"ఆ డబ్బా ఈ ఇంట్లోకి రాకూడదు," అన్నాను.

"పంట పోతాది వదినా."

"పోనీ."

అత్త లోపలికి వెళ్లి, నూనెకని దాచిన వేపగింజల మూట తెచ్చింది. "మా అమ్మ వంగచెట్లకు పోసేది. దీనికి పనిచేస్తాదో లేదో తెలీదు మే. పోసి చూద్దాం," అంది.

గింజల్లోని పప్పు దంచి, గుడ్డలో మూటగట్టి, కుండ నీళ్లలో నానేశాం. తెల్లారి పిండి, సబ్బుముక్క కలిపి, ఒక్కో మొవ్వులో చెంబుతో కొంచెం కొంచెం పోశాం. ఒక సాలులో నేను, పక్క సాలులో ఆమె. పోయినవాడు ఆమెకు కొడుకు. ఆయన మాట ఇద్దరం ఎత్తలేదు. వంగడం, పోయడం, పక్క మొక్కకు జరగడం. నా తలలో ఇంకేమీ లేదు.

ఇంటికొచ్చి అన్నం తింటున్నాను. నేను చేతులు కడుక్కోలేదని అత్త గమనించింది.

"చేదుగా లేదా మే?"

లేదన్నాను. నిజంగానే తెలియలేదు. ఆమె నీళ్లు తెచ్చి, నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లకు కడిగినట్టు కడిగింది. నేను కదలకుండా కూర్చున్నాను.

పురుగు అప్పటికే కాండంలోకి దూరిన మొక్కలు ఎండిపోయాయి. తక్కినవాటిలో తినడం తగ్గింది. మళ్లీ కనబడినప్పుడల్లా మళ్లీ పోశాం. కంకులు చిన్నవే వచ్చాయి. మరిది వాటిని నెల్లూరు తీసుకెళ్లి అమ్మాడు.

మరుసటి ఏడు వరికి అతను మందు తెచ్చి చేను దగ్గరి పాకలో పెట్టుకున్నాడు. నేను వద్దనలేదు. గాలి చూసుకుని కొట్టమన్నాను.