ఇవ్వని రక్తం

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి పడకండి, నాకు గిట్టదు.

కొల్లాపూర్ దగ్గర మాది కోటలాంటి గడి ఉన్న దొరల కుటుంబం. గడి కూలింది, భూములు చాలావరకు పోయాయి. ఒక పాత జీపు, వంశం గురించిన వాగుడు మిగిలాయి. నా రక్తం ఓ నెగెటివ్. అరుదైన రక్తమని ఊరంతా చెప్పుకు తిరిగాను, అదేదో నేను సంపాదించినట్టు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో, మా పొలం కౌలుకు చేసే బాలయ్య భార్య మణెమ్మకు కాన్పయ్యాక రక్తస్రావం ఆగలేదు. మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానకు జీపులో నేనే తీసుకుపోయాను. ఆమెదీ ఓ నెగెటివే. అక్కడ ఆ రక్తం లేదు.

"దొరా, మీదీ గదే గ్రూపని మీరే చెప్తుంటిరి. జర ఇయ్యుండ్రి," అన్నాడు బాలయ్య.

"నాకు షుగర్ ఉంది బాలయ్యా."

నర్సు వదల్లేదు. "గోలీలు మింగుతున్నరా సార్? అయితే ఇయ్యొచ్చు. షుగర్‌కు సూది తీసుకునేటోళ్లే వద్దు."

"సూదే తీసుకుంటున్న."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "గింత మనిషి, గిన్ని మీసాలు," అని గొణిగింది.

బాలయ్యకు కోపమొచ్చింది. "ఊకో సిస్టరమ్మా. పానం బాగలేని మనిషిని గట్ల అంటరా?"

నాకు ఏ జబ్బూ లేదు. మరి ఎందుకన్నాను? రక్తమిస్తే సత్తువ పోతుందనీ, పోయింది తిరిగి రాదనీ నమ్మాను. ఒంట్లో మళ్లీ ఊరుతుందని బడిపిల్లలకు తెలుసు. నేను డిగ్రీ చదివాను. ఆ ఒక్కటే అయితే పిరికితనమని సరిపెట్టుకునేవాణ్ణి. రక్తమే పాలవుతుందని మా అమ్మ చెప్పేది. నా రక్తం మణెమ్మ ఒంట్లోకి పోతే, అది పాలై ఆమె బిడ్డ నోట్లోకి పోతే, ఆ పిల్ల రేపు మా గడప మీద హక్కు అడుగుతుందని అనుకున్నాను. ఏ గడప? చెదలు తిన్నది. ఏ వంశం? లోపల ఆడమనిషి చస్తుంటే వరండాలో నిలబడి ఈ లెక్క వేసుకున్న వంశం.

హైదరాబాద్ నుంచి రక్తం వచ్చేసరికి మణెమ్మ లేదు.

ఇచ్చి ఉంటే బతికేదా? ఆ ప్రశ్న వెనక దాక్కోవాలని చాలాసార్లు చూశాను. ఇవ్వలేదు. అంతే.

బండి పెట్టిన మేలు మరవనంటాడు బాలయ్య. వాళ్లింటికి పోతే, ఆ కాన్పులో పుట్టిన మణెమ్మ కూతురు చాయ్ కాస్తుంది. "దొరకు చక్కెర వెయ్యకు బిడ్డా, ఆయనకు పడదు," అని ముందే కేకేస్తాడు. ఆ పిల్ల నాకు వేరే గిన్నెలో కాస్తుంది. నేను తాగుతాను.

అతనికి చెప్పలేదు. చెబుతానని ఇక్కడ ఇంకో అబద్ధమాడను. ఈ కాగితం ముందు మాత్రం నేను ఏ జబ్బూ లేని మనిషిని.