బూడిదలో ఎర్ర చుక్కలు

నా చిన్నప్పుడు, తుంగభద్ర కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, మా వాళ్లు గోదావరి జిల్లా నుంచి సిరుగుప్ప దగ్గరకు వచ్చి వరి వేశారు. కోతలయ్యాక కళ్లంలో ధాన్యానికి కాపలా మా ఎర్రకుక్కది. వడ్ల రాశి అంటే మా తాతయ్యకు దేవుడితో సమానం. కుక్క దాని పక్కన ఒకసారి కాలెత్తిందని చర్నాకోలతో రెండు తగిలించి, దూరంగా గుంజకు కట్టేయించాడు. ఇక రోజంతా అక్కడే, ఎండలో. ఎవరికైనా గుర్తొస్తే నీళ్లు పెట్టేవారు.

కొన్నాళ్లకు అది వింతగా తిరగసాగింది. తాడు అందినంత మేర అడుగడుక్కీ కాలెత్తేది, వీపు వంచి ముక్కేది, మాటిమాటికీ నాక్కునేది. తిండి మానేసింది. కళ్లమంతా మైల చేస్తోందనీ, మర్నాడు బస్తాల లారీలో వేసి ఆదోని అవతల వదిలి రమ్మనీ తాతయ్య చెప్పేశాడు. నేను కుక్క మెడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

పక్కింటి అక్క ఆ రోజు మాకు తూర్పారబట్టడానికి వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన మనిషి. చేట కింద పెట్టి నవ్వింది.

"ఏంది తాతా, పోస్తా ఉండాది పోస్తా ఉండాదని ఒకటే అరుస్తాండావు. యాడ పోసింది? తడి చూపించు."

"నువ్వే చూపించవే, చూస్తాను!" అన్నాడు తాతయ్య.

రాశి మీద దొంగలు చెయ్యి పెడితే తెలిసేలా మావాళ్లు బూడిదతో గుర్తులు వేసేవారు. అక్క ఆ బూడిద బుట్ట తెచ్చి, కుక్క చుట్టూ పరిచి, అరచేత్తో చదును చేసింది. అందరం పని ఆపి చూశాం. కుక్క మళ్లీ మళ్లీ కాలెత్తింది. బూడిద పొడిగానే ఉంది. చివరికి కాసిని చుక్కలు రాలాయి. అవీ ఎర్రగా.

"పోస్తా ఉండేది కాదు తాతా, పోయలేక సస్తా ఉండాది. పొట్ట చూడు, ఎట్ల బిగిసిండాదో. డాక్టరు తావకు ఎత్తుకోని పోదాం, బేగ!"

రాశి కొలవకుండా ఖాళీ బండి కళ్లం దాటకూడదని మావాళ్ల పట్టింపు. అయినా తాతయ్య తనే బండికి ఎడ్లు కట్టాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు పొట్ట నొక్కి చూసి, మూత్రనాళంలో రాయి అడ్డుపడిందనీ, ఆలస్యం చేసి ఉంటే ప్రాణం దక్కేది కాదనీ చెప్పాడు. అక్క మూతి పట్టుకుంది, నేను కాళ్లు పట్టుకున్నాను. ఆయన సన్నని గొట్టంతో రాయిని వెనక్కి నెట్టాడు. దించగానే కుక్క తూలుతూ బయటికి నడిచి, డాక్టరు సైకిలు చక్రం మీద కాలెత్తింది. ధార ఆగదే! తాతయ్య తలగుడ్డ విప్పి గాల్లో ఊపుతూ, "పొయ్యరా నాయనా, పొయ్యి!" అని కేకలు పెట్టాడు.

"ఇది తాతా, పోసేదంటే!" అంది అక్క. డాక్టరు కూడా నవ్వాడు.

మందులు వాడాం. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాం, పూటపూటా కట్టు విప్పి తిప్పాం. ఆ కుక్క చాలా పంటలకు కాపలా కాసింది.

మా ఇంట్లో ఈ కథలో పేరంతా డాక్టరుకూ, బండి కట్టిన తాతయ్యకూ పోయేది. నేనూ అలాగే చెబుతూ వచ్చాను. అది సరికాదు. ముందు కనిపెట్టింది ఆ అక్క. ఆమె బతికుండగా నలుగురిలో ఆ మాట అనలేకపోయినందుకు నాకు బాధగానే ఉంటుంది.

ఇప్పటికీ ఏ కుక్కైనా ఊరికే కాలెత్తుతుంటే, తిట్టే ముందు నేల చూస్తాను. తడి లేదంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటాను. మా ఇంటి కుక్క పొద్దున్నే ధారగా పోస్తే పైకే శభాష్ అంటాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.