తవుడు వేయించే తాత

మిర్యాలగూడలోని మా రైస్ మిల్లులో తవుడు వేయించే తాత ఒకాయన ఉండేవాడు. మర పట్టిన వెంటనే తవుడు వేడి చేయాల్సిందే. చిటికెడు నాలుక మీద వేసుకుని, "దీంట్ల పానమున్నదమ్మా, ముందుగాల తియ్యాలె" అనేవాడు.

బయోకెమిస్ట్రీ చదివినదాన్ని, ఊరుకుంటానా? "ప్రాణం కాదు తాతా, లైపేజ్ అనే ఎంజైమ్. మడతలు పడ్డ ప్రోటీన్ అది, ఆ మడతల్లో గుంట ఉంటది. అందులో పడ్డ నూనె విరిగి చేదైతది. వేడికి మడతలు విప్పుకుంటే ఇగ పనిచేయదు."

"నేనన్నది గంతే గద!"

ఆయన కోదాడ పెళ్లికి పోయినప్పుడు, నూనె మిల్లుకు పోయే లారీ రేపే కదా అని తవుడు పచ్చిగానే ఉంచాను. లారీ మూడోనాడు వచ్చింది. నూనె మిల్లువాళ్లు సరుకంతా తిప్పి పంపారు.

తిరిగొచ్చిన తాత నా అరచేతిలో చిటికెడు తవుడు పెట్టాడు. "సదువుకున్నవ్ గదమ్మా, నాకు జెప్పు. గా ఎంజైము పనిచేసిందా?"

నాలుక మీద వేసుకోగానే చేదుకు మొహం ముడుచుకుపోయింది. "చేసింది" అన్నాను.

వాదించకుండా ఆయనకు నేను చెప్పిన జవాబు అదొక్కటే.