నేను పెట్టిన శీర్షిక, వదలని రైతు

వార్తలు కూడా ఆర్టీసీ బస్సెక్కి ప్రయాణం చేసిన కాలమది. పాలకొల్లు, భీమవరం విలేకరులు రాసిన కాగితాలు కవర్లో పెట్టి కండక్టరు చేతికిస్తే, మధ్యాహ్నానికి రాజమండ్రి బస్టాండులో దిగేవి. వాటిని దిద్ది, శీర్షికలు పెట్టి, జిల్లా పేజీల్లో సర్దడం మా డెస్కు పని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ట్రైనీ సబ్‌ఎడిటర్ని. ఇంగ్లీషు బాగా వచ్చినవాడినని డెస్కులో పేరుండేది. (ఆ పేరు పుట్టించింది నేనే.) నిజానికి, ఒకరు ఇంకొకర్ని ఇబ్బంది పెట్టారని చెప్పే ఇంగ్లీషు మాట ఏదొచ్చినా ‘వేధించడం’ అని రాసి పారేసేవాణ్ని. బరువైన మాట, శీర్షికలో నిండుగా కూర్చుంటుంది.

ఒక ఫిబ్రవరి నెలాఖరున, పదవీ విరమణ చేసిన కాలువల ఇంజనీరు గారి ఇంగ్లీషు ప్రసంగం జిరాక్సు కాపీ పాలకొల్లు కవర్లో వచ్చింది. కాలువ శివారు గ్రామం రైతు ఒకాయన నీళ్ల కోసం మూడేళ్లపాటు రోజూ ఆఫీసుకొచ్చి తనను ‘పెస్టర్’ చేశారని అందులో ఉంది. ఆయన పుణ్యమా అని కాలువ చివరిదాకా నడిచి చూశాననీ, ఆ పెద్దమనిషికి నమస్కారమనీ చివర్లో ఉంది. ఆ రోజు ఆఖరి నిమిషంలో ఏదో ప్రకటన వచ్చి పడి, పేజీలో చోటు తగ్గింది. చోటు చాలకపోతే వార్తను తోక దగ్గర కోయడం మా అలవాటు. నమస్కారం తోకలో ఉంది. కోసేశాను. మిగిలిన నాలుగు వాక్యాల మీద ‘ఇంజనీరును మూడేళ్లు వేధించిన రైతు’ అని శీర్షిక పెట్టి, నన్ను నేనే మెచ్చుకుని టీకి వెళ్లాను.

వార్త వచ్చిన మర్నాడు, తెల్లపంచె కట్టుకున్న ఓ పెద్దాయన పేపరు మడతపెట్టి చంకలో పెట్టుకుని మా ఆఫీసుకొచ్చారు.

“నమస్కారమండి. ఇది రాసిన బాబుగారు ఎవరండి?”

“ఏం కావాలండి?” అన్నాను, ఆ బాబుకీ నాకూ పరిచయం లేనట్టు.

“ఆ రైతుని నేనేనండి. ఊళ్లో టీకొట్టు దగ్గర ‘ఎంక్వయిరీ ఎప్పుడండీ?’ అని ఆట పట్టిస్తున్నారండి. నవ్వులాటలెండి, పోనివ్వండి. కొత్త ఇంజనీరు గారొచ్చారు కదండి, ఆయన బంట్రోతు నన్ను గుమ్మంలోనే ఆపేశాడండి. ‘పేపర్లో పడ్డాయన మీరేగా, రానివ్వద్దన్నారు’ అన్నాడండి. మా దాళ్వా వరిచేలు, రెండో పంటండి, పొట్ట మీదున్నాయండి. వారంలో మా వంతు నీళ్లు వదలకపోతే కంకుల నిండా తాలేనండి.”

నేనూ వరిచేల మధ్య పుట్టినవాణ్నే. పొట్ట మీదున్న చేనుకి నీళ్లందకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ సవరణ వేయాలంటే మా ఇన్‌ఛార్జి గారికి చెప్పాలి. ఎర్రపెన్ను జేబులోంచి తీయకుండానే మనిషిని దిద్దగలరాయన. నా ట్రైనింగు ఇంకా రెండు నెలలుంది. అందుకని “చూస్తానండి, రేపు కనబడండి” అన్నాను. రేపు రమ్మంటే ఇక రానక్కర్లేదని అర్థమని ప్రపంచంలో అందరికీ తెలుసనుకున్నాను.

ఆయనకు తెలియదు. రెండో రోజూ పది గంటలకల్లా వరండాలో బెంచీ మీదున్నారు. “ఇంకా అవలేదండి” అన్నాను. “అవుతుందిలెండి” అని అక్కడే కూర్చున్నారు. మూడో రోజు ఆయన్ని తప్పించుకోవడానికి దొడ్డిదారిన క్యాంటీనుకి పోయి వచ్చేసరికి, బెంచీ మీద క్యారేజీ విప్పుకుని “రండి బాబూ, వంకాయ పచ్చిపులుసు” అన్నారు. తిడితే తిరిగి తిట్టొచ్చు. పచ్చిపులుసు పెడతానన్న మనిషితో ఎలా పోట్లాడటం?

సరిగ్గా అప్పుడే ఇన్‌ఛార్జి గారు బయటికొచ్చారు.

“ఎవరండీ మీరు? మూడు రోజులుగా చూస్తున్నాను.”

“ఈ బాబుగారు రేపు రమ్మంటున్నారండి, నేనొస్తున్నానండి. మంచి కుర్రాడండి” అన్నారు పెద్దాయన.

ఇన్‌ఛార్జి గారు పేపరు అడిగి తీసుకుని చదివారు. నా సొరుగులోంచి జిరాక్సు తెప్పించి అదీ చదివారు. ఆ తర్వాత నన్ను చదివారు.

“ఈయన మూడు రోజులుగా నిన్నేం చేస్తున్నారోయ్?”

“వేధి...” అని ఆగిపోయాను.

“చెప్పు. ఈయనకి భయపడ్డావా?”

“ఆయనక్కాదండి, మీకు.”

లోపల డెస్కంతా గొల్లున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. “దోమ చెవి దగ్గర పాడితే ఇంగ్లీషులో అనాయ్. పని మధ్యలో ఎవరో తలుపు కొడితే బాదర్. బావ మరదల్ని ఏడిపిస్తే టీజ్. ఐసు కొనిపెట్టేదాకా చంటాడు చొక్కా వదలకపోతే పెస్టర్. హెరాస్ అంటే అవతలివాడికి నిద్ర పట్టదు, గుమ్మం దాటాలంటే భయం. మన ‘వేధించడం’ అది. ఏమండీ, పాత ఇంజనీరు గారు మిమ్మల్ని చూసి భయపడేవారా?”

“భయమాండి? నాకోసం టీ చెప్పి ఉంచేవారండి!”

ఆ సాయంత్రం తోకతో సహా ప్రసంగమంతా నా చేతే రాయించారు. తప్పు మాదేనని చెప్పి, అదే పేజీలో, అదే చోట వేశారు. శీర్షికలు పదకొండు రాస్తే పదీ కొట్టేసి ఒకటి ఉంచారు: ‘నీళ్లు పారేదాకా వదలని రైతు’.

నాలుగో రోజు బెంచీ ఖాళీ. నాకే ఏదో వెలితిగా ఉండి, వరండాలోకి రెండుసార్లు తొంగిచూశాను. ఆ తర్వాత రెండు రోజులకి ఎస్టీడీ బూతు నుంచి ఫోను. “బాబుగారా? కొత్తాయన పేపరు చూసి లోపలికి పిలిచారండి. ‘రేపు కూడా వస్తారా?’ అన్నారండి. ‘నీళ్లొచ్చేదాకా అండి’ అన్నాను. తెల్లారగట్ట వచ్చేశాయండి! చేనంతా తడిసేదాకా గట్టు మీదే కూర్చున్నానండి.” వెనకాల ఎవరో బూతు ఖాళీ చేయమని గొడవ పెడుతున్నారు. నేను క్షమించమని అడిగానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు. అడిగే ఉంటానని నమ్ముతున్నాను.

ఆయన ఒక్క కార్డుముక్క రాసి యాజమాన్యానికి పంపి ఉంటే నా ఉద్యోగం అక్కడితో సరి. నా మీద ఒక్క చాడీ కూడా చెప్పలేదు. రెండు నెలల తర్వాత నా పేరు పక్కన ట్రైనీ అన్న మాట పోయిందంటే అందులో ఆయన చలవ సగం. తోక కోయబోయే ముందు అందులో ఎవరి నమస్కారం ఉందో చూడటం ఆ తర్వాత ఏనాడూ మానలేదు.

ఈమధ్య మా వీధి డ్రైనేజీ మీద మూత వేయించమని మునిసిపల్ ఆఫీసుకి తొమ్మిదిసార్లు వెళ్లాను. గొంతు పెంచలేదు. తొమ్మిదోసారి అక్కడి గుమాస్తా అమ్మాయి తలెత్తి, “మళ్లీ వచ్చారాండి?” అంది. ఆ ముఖంలో దొడ్డిదారి వెతుక్కునే ఇరవై రెండేళ్ల నేను కనిపించి నవ్వొచ్చింది. “వచ్చానమ్మా” అన్నాను. మూత ఇంకా పడలేదు. రేపు సోమవారం, మళ్లీ వెళ్లాలి.