రానివాళ్ల పేర్లు

మిర్యాలగూడ మెయిన్ రోడ్డు మీద ముందు ఆ గొంతు వినిపించింది. స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి సన్నగా, తడిగా, కాల్వ అడుగు నుంచి వస్తున్నట్టు. అది వింటూ షాపులవాళ్లు ఒక్కొక్కరే షట్టర్లు దించారు. జనం ఆ గొంతు దిక్కుగా నడిచారు. చివర ఐస్ పెట్టె, అందులో ఎమ్మెల్యే శ్యాంసుందర్. పక్కన నేల మీద, నాట్లు వేసే చేతులతో గుండె బాదుకుంటూ పాడుతున్న ఒక బక్కమనిషి.

ఆమె సువార్తమ్మ. ఊరు గరిడేపల్లి. ఆదివారం చర్చి, మిగతా రోజులు వరిమడి, ఎవరింట్లో చావైనా శోకాలు పాడటం. అత్త కాటమ్మ దగ్గర నేర్చుకుంది. ఏ ఇంటివాళ్లు పిలిచినా వెళ్లేది.

"ఏడ్వనీకె గింత దూరం పోతరా ఎవరన్న? చావింట్ల ఛాయ్ మీద మనసున్నది నీకు," అనేవాడు మొగుడు మట్టయ్య.

"నువ్వు పోయిననాడు ఛాయ్ గూడ తాగను తియ్యి."

శోకానికి ఒక పద్ధతి ఉంది. పోయినవాడి పుట్టుక, పెళ్లి, మంచితనం పాడాక, చివర్లో ఇంకా రానివాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. ఆఖరి చూపు కోసం శవం ఆగి ఉందని దారిలో ఉన్నవాళ్లకు చెప్పడం అది. అందులో నింద ఉండదు. పల్లెల్లో అందరికీ తెలుసు.

శ్యాంసుందర్‌ను సాగర్ కాల్వ కట్ట మీద, పొద్దుటి నడకలో పొడిచి చంపారు. ఎవరన్నది తెలియలేదు. ఆయన తర్వాత టికెట్ ఎవరిదన్న మాట మాత్రం ఆయన అనుచరులిద్దరి చుట్టూ తిరుగుతోంది: జగదీశ్, ఆయన్ని అన్నా అని పిలిచే శ్రీకాంత్. జగదీశ్ వంగి, తన చేత్తోనే ఆమె ముందు మైకు సర్దాడు.

"అందరిని పిలువమ్మా. శ్రీకాంత్‌ను మరువకు," అన్నాడు మెల్లగా.

పద్ధతే కదా అనుకుంది. పిలిచింది.

"శ్రీకాంతయ్యా, నీ అన్న పండుకున్నడు, నువ్వేడ పోతివయ్యా..."

శోకం ఎరగని పట్నం పిల్లలు, సూర్యాపేట నుంచి లారీల్లో దిగినవాళ్లు, మైకులో ఆ పేరు విని, చంపినవాడి పేరే చెబుతోందనుకున్నారు. ఒక్కరూ అరవలేదు. గాలికి వరిచేను వాలినట్టు అంతమందీ రోడ్డు వైపు తిరిగారు. కళ్లు మూసుకుని పాడుతున్న ఆమె తెరిచి చూసేసరికి చెప్పులు మాత్రం మిగిలాయి.

శ్రీకాంత్ ఆ వేళకు శ్యాంసుందర్ కూతురు నిఖితను హైదరాబాద్ హాస్టల్ నుంచి తీసుకొస్తున్నాడు. ఊరి మొదట్లోనే కారు ఆపి, అతన్ని బయటికి లాగారు. తనను తేవడానికి తల్లే పంపిందని నిఖిత చెబుతూనే ఉందట. ఆమె మాట కంటే మైకులో పాటే గట్టిగా వినిపించిందట. శ్రీకాంత్ దవాఖాన దాకా కూడా బతకలేదు.

పోస్టుమార్టం అయి శవం వచ్చిన రోజు కోదాడ నుంచి మనిషి వచ్చాడు. శ్రీకాంత్ తల్లి రాధమ్మ పిలుస్తోందని, ఆ నోటితోనే పాడాలని చెప్పాడు. మట్టయ్య వద్దన్నాడు.

"పోకుంటే ఆ తల్లికి నేనేమైత?" అని ఆమె చీర మార్చుకుంది.

వాకిలి నిండా మగవాళ్లు. కర్రలు గోడకు ఆనించి ఉన్నాయి. బండ్లన్నీ మిర్యాలగూడ వైపు తిప్పి ఉన్నాయి. రాధమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా వాడి కోసం ఏడువు సువార్తా. మిగతాదేదీ నాకు తెలియదు."

సువార్తమ్మ ఆ ఇంటి పెద్దల పేర్లు అడిగి తెలుసుకుంది. ఎవరో వెనక నుంచి మైకు తెచ్చి పెట్టారు.

"రానోళ్లను పిలువు పెద్దమ్మా. జగదీశ్ రాలే."

పుట్టుక పాడింది. పెళ్లి పాడింది. చివరి వరస దగ్గరికి వచ్చింది. అందరూ ఆమె నోటినే చూస్తున్నారు. జగదీశ్ మీద ఆమెకు జాలి లేదు. ఆ ఒక్క పేరు అనేస్తే తన గుండె మీది రాయి కూడా దిగుతుందనిపించింది. అలా అనిపించినందుకే ఆమెకు భయమేసింది.

పిలిచింది. ముందు ఎప్పుడో పోయిన శ్రీకాంత్ తాతను. తర్వాత ఏడేళ్ల కింద పోయిన తండ్రిని. తర్వాత, "శ్యాంసుందరయ్యా, నీ తమ్ముడు దారెరుగడు, జర తోడుకపోవయ్యా..."

పేరు పేరుకూ తలలు గేటు వైపు తిరిగాయి. గేటు దగ్గరివాడు దాన్ని పూర్తిగా తెరిచి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగాడు. వీధి ఖాళీగా ఉంది. అయినా జనం రెండు వరసలుగా విడిపోయి, మధ్యలో జాగా వదిలి నిలబడ్డారు. ఆ జాగాలోకి ఎవరూ కాలు పెట్టలేదు. గోడ పక్కన ఒకడు వెక్కాడు, తర్వాత ఇంకొకడు.

ఆ రోజు బండ్లు కదల్లేదు.

టికెట్ జగదీశ్‌కే వచ్చింది. పోలీసులు సువార్తమ్మను రెండుసార్లు అడిగారు. మైకు దగ్గర అతనేమన్నాడో రెండుసార్లూ చెప్పింది. రాసుకున్నారో లేదో ఆమెకు తెలియదు. ఇప్పుడామె చావులకు వెళ్లదు. చెల్లెలి బిడ్డ నీలా వెళుతోంది. ఈ కథ రాసుకోవడానికి వచ్చిన మనిషిని సాగనంపుతూ గడప దగ్గర సువార్తమ్మ అంది:

"నీలాకు పాటంత నేర్పిన. రానోళ్లను పిలిచేది మాత్రం నేర్పలే. ఎవరన్న అడిగితే, అది మా అత్తతోనే పోయిందని రాయి."