హర్మా మిట్ట మీద ఔలిస్ లారీ

బావమరిది యాల్మరి లారీ వెనక దీపాలు కనబడితే చాలు, ఔలిస్‌కు ఒళ్ళు మండిపోయేది. ఆ చలికాలం మొదలైనప్పటి నుంచీ హర్మా మిట్ట మీద రోజూ అవే చూడాల్సి వస్తోంది. కలప లోడుతో తన పాత లారీ సగం మిట్ట ఎక్కేసరికి దమ్ము చచ్చి, నల్లటి పొగ కక్కుతూ, మనిషి నడకకు దిగిపోతుంది. అప్పుడు వెనక నుంచి యాల్మరి కొత్త బండి వస్తుంది. రెండుసార్లు హారన్ కొట్టి, పక్క నుంచి సాగిపోతుంది. ఆ హారన్‌లో పలకరింపు ఉందని హిల్కా అంటుంది. వెక్కిరింపు ఉందని ఔలిస్ అంటాడు. హిల్కా అతని భార్య, యాల్మరికి అక్క. ఆమెకు అలాగే వినిపిస్తుంది మరి.

ఆ పాత లారీ మామగారిది. ముసలాయన పోయేముందు దాన్ని కొడుక్కి కాకుండా అల్లుడికి ఇచ్చాడు. ఔలిస్ అదృష్టవంతుడని ఊరంతా అనుకుంది. కానీ తాళాలు చేతిలో పెడుతూ ఆయన అన్న మాట ఊరికి తెలియదు. "యాల్మరికి బండెందుకయ్యా? వాడికి చెవులున్నాయి. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. నీకు బండైనా ఉండాలి కదా, అల్లుడూ!" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటి నుంచి ఆ బండికి ఏ చిన్న నలత వచ్చినా ఔలిస్ ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. బావమరిది చెయ్యి అసలే పడనివ్వలేదు. యాల్మరిని చూసి అతను కుళ్ళుకోనిదంటూ లేదు. వాడి గోడ పక్కన తీర్చి పేర్చిన కట్టెలను చూసి కుళ్ళుకున్నాడు. యాభై దాటినా నెరవని వాడి జుట్టును చూసి కుళ్ళుకున్నాడు. గడ్డకట్టిన సరస్సులో పక్కపక్కనే కన్నాలు తవ్వుకుని కూర్చుంటే, చేపలు కూడా వాడి గాలానికే పడేవి.

ఫిబ్రవరిలో ఒక సోమవారం, అడవిలో లోడింగు చూసే రౌనో అతన్ని ఆపాడు.

"ఏవయ్యా ఔలిస్, నువ్వు మిట్ట ఎక్కుతున్నావా, తిరనాళ్ళకెళ్తున్నావా? నీ వెనక బండ్లన్నీ వరస కట్టేస్తున్నాయి."

"కాస్త పికప్ తగ్గింది, అంతే. చూస్తున్నా."

"శనివారం దాకా చూడు. గడ్డకట్టిన నేల కరిగి బురదైతే అడవిలోంచి ఒక్క దుంగ కూడా బయటికి రాదు, నీకు తెలియనిదా? శనివారం నాటికి బాగవ్వకపోతే నీ లోడ్లు ఇంకొకరికి ఇచ్చేస్తా."

"ఎవరికి?"

"ఎవరికేంటి, యాల్మరికి. ఖాళీ ఉన్నది వాడి బండికేగా."

చలికాలం కలప లోడ్లు పోతే ఔలిస్‌కు ఏడాది తిండి పోయినట్టే. అయినా ఆ క్షణాన అతనికి తిండి గుర్తుకు రాలేదు. తన లోడ్లు వేసుకుని, తన దారిలో, రెండుసార్లు హారన్ కొట్టుకుంటూ పోయే యాల్మరి కళ్ళ ముందు కనిపించాడు.

అక్కడ చలికాలంలో బండిని ముట్టుకోవాలంటే ముందు షెడ్డులో పెట్టాలి. హీటరు వేసి, బండికి పట్టిన మంచు అంతా కారిపోయేదాకా ఆగాలి. ఈలోగా కాఫీ తాగాలి. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. బయట చలికి ఇనుము చేతికి అంటుకుపోయి తోలు ఊడదీస్తుంది. ఔలిస్ కూడా పద్ధతిగా బండిని వెచ్చబెట్టి పని మొదలుపెట్టాడు.

పొగ నల్లగా వస్తోందంటే డీజిలు అందుతున్నట్టే, దానికి తగ్గ గాలి అందడం లేదన్నమాట. అంతవరకూ అతనికి తెలుసు. గాలి ఫిల్టరు తీసి చూశాడు, శుభ్రంగా ఉంది. ఇంజనులోకి గాలి ఊదే టర్బో నోట్లో వేలు పెట్టి పంకాను కదిపాడు. ఊగడం లేదు, సులువుగానే తిరుగుతోంది. టర్బో నుంచి ఇంజను దాకా గాలి వెళ్ళే గొట్టాలకు కంప్రెసరుతో గాలి పట్టించి, అతుకులన్నిటికీ సబ్బునీళ్ళు పూశాడు. ఒక్క బుడగ కూడా రాలేదు. ఇక మిగిలింది టర్బోయే అని తేల్చేసి, పాత బండ్లు విప్పి అమ్మేవాడి దగ్గర ఇంకో టర్బో తెచ్చి బిగించాడు. బుధవారం లోడుతో వెళ్ళాడు. సగం మిట్టలో మళ్ళీ అదే పొగ, అదే నడక. వెనక నుంచి రెండు హారన్లు.

గురువారమంటే అక్కడ ఇంటింటా బఠానీ సూప్ రోజు. తమ్ముణ్ణి భోజనానికి పిలిచానని హిల్కా చెప్పినప్పుడు ఔలిస్ గిన్నె తన ముందుకు లాక్కున్నాడు. యాల్మరి వచ్చి, రై రొట్టె తుంచుకుంటూ షెడ్డు వైపు తల ఊపాడు.

"ఏం బావా, టర్బో మార్చావంటగా?"

"నా బండి, నా ఇష్టం."

"కాదన్నానా? ఎక్కడ వెతుకుతున్నావని అడుగుతున్నా. ఆవిరి గదిలో కూర్చోబెట్టి జలుబు వెతికితే దొరుకుతుందా చెప్పు? బయటికి తోలి చూడు బావా."

హిల్కా కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఔలిస్ గుండెలో సూదిలా దిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన మాటకు ఆమె అలా నవ్విన సందర్భం ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"నీ వేళాకోళాలు నీ దగ్గరే పెట్టుకోవోయ్" అని సూప్ సగంలో వదిలేసి లేచిపోయాడు.

శుక్రవారం పొద్దున్న మళ్ళీ షెడ్డులోనే అన్నీ మొదటి నుంచి చూశాడు. మళ్ళీ ఒక్క బుడగ రాలేదు. ఏ తప్పూ లేని బండి మిట్ట మీద మాత్రం చచ్చిపోతోంది. బావమరిది మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అది వేళాకోళం కాదని అతనికి నిన్న సూప్ ముందు కూర్చున్నప్పుడే తెలుసు. తెలిసే లేచిపోయాడు.

యాల్మరి బండి అడవి వైపు వెళ్ళిపోయేదాకా కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత దొంగలా లారీని షెడ్డు బయటికి తోలి, చలికి వదిలేశాడు. బండి బిర్రబిగిసిపోయాక మళ్ళీ గాలి పట్టించాడు. బయట సబ్బునీళ్ళు గడ్డకడతాయి కాబట్టి, చలికి గడ్డకట్టని, అద్దాలు తుడిచే మందునీళ్ళలో సబ్బు కలిపి పోశాడు. బండి ముందు భాగంలో, వేడి గాలిని చల్లబరిచే కూలరు దాటాక, కింది రబ్బరు గొట్టం దగ్గర గుప్పెడు నురగ పొంగింది. గొట్టం అట్టలా బిగుసుకుపోయి ఉంది. వేలితో నొక్కితే చీలిక నోరు తెరిచింది. షెడ్డులో వెచ్చబడి మెత్తబడితే అదే చీలిక మూసుకుపోతోంది. టర్బో ఊదిన గాలి సగం ఇక్కడే పోతుంటే ఇంజనుకు దమ్ము ఎక్కడిది?

ఔలిస్‌కు సంతోషం కలిగింది. అది బావమరిది చలవ అని గుర్తొచ్చి, మంచులో కూర్చుని వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. కొత్త గొట్టం బిగించి లోపలికి వచ్చాడు.

"దొరికిందా?" అంది హిల్కా.

"దొరక్కేం? నేనే పట్టుకున్నా" అన్నాడు.

"బయటికి తోలి చూశావా?"

ఔలిస్ వినబడనట్టు చేతులు కడుక్కున్నాడు.

శనివారం నిండు లోడుతో హర్మా మిట్ట ఎక్కాడు. సగంలో కాలు నొక్కితే బండి పడుచుదానిలా లాగింది. అద్దంలో చూసుకున్నాడు, పొగ లేదు. వెనక యాల్మరి బండి మాత్రం ఉంది. ఈసారి అది దాటలేదు. దాటే వీలు ఔలిస్ ఇవ్వలేదు. మిట్ట మీద కావాలనే రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇన్నాళ్ళ కడుపుమంట చల్లారినట్టయింది.

మిల్లులో లోడు దించి అడవికి తిరిగి వచ్చి, రౌనో ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"చూశావుగా. ఇక నా లోడ్లు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. మా బావమరిదికి చెప్పు, ఆశ వదులుకోమని."

"ఆశా? ఎవరికి?" రౌనో పగలబడి నవ్వాడు. "వాడు సోమవారమే తెగేసి చెప్పాడయ్యా. మా బావ లోడు ఒక్కటి నా బండి మీద వేశావో, ఆ రోజే నా బండి కూడా తీసుకెళ్ళిపోతానన్నాడు. మీ బావకి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు అని కూడా అన్నాడు. ఇప్పుడు బాగైందిగా, చెప్తే తప్పేముందిలే."

ఔలిస్ వెళ్ళి బండెక్కాడు.

ఇంటికొచ్చేసరికి హిల్కా ఆవిరి స్నానాల గది సౌనాలో పొయ్యి రాజేస్తోంది. మొగుడి ముఖం చూసి కట్టె పక్కన పెట్టేసింది.

"లోడ్లు పోయాయా?"

"లేదు."

"మరి ఏమైంది? బండి మళ్ళీ ఆగిందా?"

"బండి బ్రహ్మాండంగా ఉంది. మీ తమ్ముడే..."

"వాడేం చేశాడు నిన్ను?"

ఔలిస్ బెంచీ మీద కూలబడి, బూట్లు కూడా విప్పకుండా రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

"వాణ్ణి తిట్టుకోవడానికి నాకు ఒక్కటంటే ఒక్క సాకు కూడా మిగల్చలేదే!"